సవతి పుస్తె

అమావాస్య... మిట్టమధ్యాహ్నం. గాలి చచ్చిన వేళ. సుబేదారిలోని ఆ ఇంటి ప్రహరీ మీద గుడ్లగూబ పట్టపగలే కూర్చుని కూసింది. ఆ కూత ఆగకముందే కారు కదిలింది.

వెనక సీట్లో యమున. పక్కన మంత్రగాడు మొండయ్య, అతని ఒళ్ళో ఎర్రగుడ్డ చుట్టిన కపాలం. ముందు సీట్లో అత్త కళావతి. కారు నడుపుతున్నది భర్త భానుచందర్.

ఆ కపాలం భానుచందర్ మొదటి భార్య సౌమ్యది. కాటిలో సగం కాలిన తలను మొండయ్య ఆనాడే దాచాడు.

మూడు శుక్రవారాలుగా సౌమ్య యమున నోట మాట్లాడుతోంది. తమ బట్టల దుకాణంలో, గిరాకీల ముందే... "నన్ను మా అత్తనే సంపింది" అని. అందుకే ఈ ప్రయాణం. రాష్ట్రం ఆ చివర, పెన్‌గంగ వంతెన దగ్గర, అసురసంధ్య వేళ ఆత్మను వదిలించాలి. అది పోనంటే యమున ప్రాణాన్నీ దానితోపాటే పంపాలి. ఈ రెండో మాట మొండయ్య కళావతి చెవిలో చెప్పాడు. యమునకు వినబడింది.

"దయ్యాలకు గూడ బార్డర్ ఉంటదా మొండయ్యా?" భానుచందర్ నవ్వబోయాడు.

"లారీలకు పర్మిట్ ఉన్నట్టే సేటూ. అవతలికి పోయినది మల్ల వాపస్ రాదు."

"నువ్వు జర రోడ్డు చూడు బిడ్డా," అంది కళావతి.

హసన్‌పర్తి... కరీంనగర్... జగిత్యాల... ప్రతి పొలిమేరలో మొండయ్య ఒక నిమ్మకాయ కోసి విసిరాడు. కోసినప్పుడల్లా యమున ఒంట్లో ఒక నరం తెగినట్టయింది. నిర్మల్ ఘాట్ ఎక్కేసరికి కాళ్ళు చచ్చుబడ్డాయి. అద్దంలో భర్త కళ్ళలోకి చూసింది. అతను అద్దం పక్కకు తిప్పాడు.

వంతెన చేరేసరికి పడమర నెత్తురు కక్కుతోంది. వాన లేని ఉరుములు... మొండయ్య ముగ్గు పోసి, యమునను అందులోకి ఈడ్చి, కపాలానికి కుంకుమ పూశాడు.

"తాయెత్తు, దారం, గాజులు... ఏదీ ఉండొద్దు. పుస్తెలతాడు ఉండనియ్, అది మొగనిది."

కళావతి కోడలి గాజులు ఒలిచింది.

అక్కడే మొండయ్య తప్పాడు. ఆ తాడుకు మూడో పుస్తె ఉంది. రెండో సంబంధంగా వచ్చిన పిల్ల చనిపోయిన సవతి పేరున కట్టుకునేది. ఆచారం తప్పొద్దని కళావతే పెళ్ళినాడు కట్టించింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టి, "అక్కా, సల్లగ చూడు" అని యమున మొక్కేది. నాలుగేళ్ళ ఆ మొక్కులతో సౌమ్య యమునను కాచే ఇంటి దేవతై, పేరంటాలై నిలిచింది.

"తీస్కపో దీన్ని..." మొండయ్య కపాలాన్ని ఆజ్ఞాపించాడు.

ఉరుములు ఆగాయి. యమున నోట రెండు గొంతులు ఒక్కసారే లేచాయి.

"నా చెల్లెను నాతోనే సంపిస్తవారా?"

మంత్రం అతని గొంతులోనే గడ్డకట్టింది. కపాలపు కళ్ళగుంటల్లోంచి ఆరని కాటినిప్పు ఎగజిమ్మింది! అతని అరుపు నదిని దాటింది... అతను దాటలేదు. ముగ్గులో గుప్పెడు బూడిద మిగిలింది.

యమున లేచి నిలబడింది. కళావతి ఆమె కాళ్ళ మీద పడింది. "ఇంటికి పోదాం బిడ్డా. అన్నీ మర్సిపోదాం."

"పోదాం అత్తమ్మా. మూడొందల కిలోమీటర్లున్నది. జరిగింది జరిగినట్టు చెప్పుకుంట పోదాం. అక్క వింటదట."

కారు వెనక్కి తిరిగింది. ఆదిలాబాద్ దాటాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, భానుచందర్ అన్నాడు.

"సల్లల్ల పురుగుల మందు కలిపింది అమ్మ. గ్లాసు అందిచ్చింది నేను."