నాలుగున్నర ఎయిర్‌పోర్టు బస్సు

"నా బస్సు మీద మీకేమైనా పగ ఉందాండీ?"

ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఎదురుగా నీలం యూనిఫాం, చంకలో ట్రిప్పు షీటు, ముఖం నిండా మర్యాద. దెబ్బలాటకి వచ్చినవాడు ఇంత మెత్తగా మొదలుపెట్టడం ఆమె ఎక్కడా చూడలేదు.

"ఏ బస్సు?"

"ఎయిర్‌పోర్టు బస్సు. అదిగో, ఆరో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర ఖాళీగా నిలబడింది చూడండి, అదే. ఇందాక ముసలాయనా, ఆవిడా ఎక్కబోతుంటే పిలిచి మరీ రైలుకి పంపించారు."

"రైలు ముప్ఫై అయిదు నిమిషాల్లో చేరుస్తుంది. మీ బస్సుకి గంటంబావు. నేను చేసిన తప్పేంటి?"

"వాళ్ళ విమానానికి ఇంకా అయిదు గంటలుంది. చేతిలో మూడు పెద్ద పెట్టెలున్నాయి. రైలు దిగాక అక్కడ ఎన్ని మెట్లున్నాయో మీకు తెలుసా?"

"లిఫ్టు ఉంటుంది."

"ఉంది. దాని ముందు బారెడు క్యూ కూడా ఉంది. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, మీరెప్పుడైనా ఎయిర్‌పోర్టుకి వెళ్ళారా?"

వెళ్ళలేదు మరి. సిటీ స్టేషన్లో వెనక రైళ్ళు, ముందు బస్సులు, పక్కన టాక్సీలు, నడుమ ఆమె కిటికీ. "ఎయిర్‌పోర్టుకి ఎలా వెళ్ళాలండీ" అని రోజుకి వంద మంది అడుగుతారు. మూడేళ్ళుగా టైం టేబుల్ చూసి టకటకా చెప్పేస్తోంది. ఒక్కసారైనా ఆ దారిన పోయిన పాపాన పోలేదు. ఆ ముక్క ఈ మహానుభావుడు నలుగురిలో నిలబడి అడగాలా?

"క్యూ ఆగిపోతోంది, పక్కకి జరగండి," అంది.

జరిగాడు. జరుగుతూ "థాంక్సండీ" అని కూడా అన్నాడు. అది ఇంకా మండించింది.

పక్క కిటికీలో టికెట్లిచ్చే అక్క నవ్వు ఆపుకుంటూ, "వాడెవడో తెలుసా? డిపోలో అందరూ నిదానం అంటారు. బస్సు నలభై దాటించడు, మాట కూడా అంతే," అంది.

"అయితే నాకేంటట?"

"నీకేం లేదులే. ఎర్రబడ్డ ముఖం ఒకసారి కడుక్కుని రా."

ఆ వారం సెలవు రోజున అమ్మాయి ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ రెండు పెట్టెల్లో కుక్కి రైలెక్కింది. అవతల దిగి మెట్లు లెక్కపెట్టింది. తొంభై రెండు. లిఫ్టు ముందు పదకొండు నిమిషాలు నిలబడింది. పైకి చేరేసరికి భుజాలు పడిపోయాయి. ఆ రోజు రైలుకి పంపిన ముసలావిడ ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది.

పై వారం అవే పెట్టెలతో ఎయిర్‌పోర్టు బస్సు దగ్గరికి వెళ్ళింది. నిదానం పెట్టె అందుకుని, ఎత్తబోయి ఆగాడు.

"ఏమున్నాయండీ ఇందులో, రాళ్ళా?"

"పాత పేపర్లు."

"ఏ దేశానికి?"

"ఏ దేశానికీ కాదు. మీ బస్సెక్కడానికే."

అతను ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత పెట్టెలు రెండూ జాగ్రత్తగా లోపల పెట్టి, డ్రైవరు వెనక సీటు చేతిరుమాలుతో తుడిచి, "ఇక్కడ కూర్చోండి, కుదుపు తక్కువ," అన్నాడు.

బస్సుకి గంటంబావు కాదు, గంటా ఇరవై నిమిషాలు పట్టింది. కానీ దిగితే ఎదురుగా గుమ్మమే. ఒక్క మెట్టు లేదు. నిదానం ఒక పిల్లల తల్లికి చంటిదాన్ని ఎత్తి అందించాడు. ఎవరి పెట్టె వాళ్ళ చేతికిచ్చి, "అన్నీ చూసుకున్నారా" అని అడిగి మరీ పంపాడు.

తిరుగు దారిలో అమ్మాయే ముందు మాట్లాడింది. "ఆ రోజు మీరన్నది నిజమే. మెట్లు తొంభై రెండు."

"తొంభై నాలుగు కదండీ?"

"తొంభై రెండు. నేను లెక్కపెట్టా."

"అయితే నేనే తప్పు చెబుతున్నానన్నమాట ఇన్నాళ్ళూ," అని అతను నవ్వాడు. అద్దంలో ఆ నవ్వు చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగిపోయింది ఆమె.

అప్పట్నుంచి కిటికీ దగ్గర పద్ధతి మారింది. విమానం ఎన్నింటికి, పెట్టెలెన్ని, పెద్దవాళ్ళున్నారా, ఈ మూడూ అడక్కుండా ఎవరికీ దారి చెప్పదు. టైం ఉండి బరువున్నవాళ్ళు బస్సుకి. టైం లేనివాళ్ళు రైలుకి. నలుగురూ నాలుగు పెట్టెలూ అయితే టాక్సీకి. తొందరలో ఉన్నవాళ్ళు బస్సు కనబడగానే ఎగబడి ఎక్కేవాళ్ళు, తర్వాత విమానం తప్పిపోయిందని డిపో పుస్తకంలో తిట్లు రాసేవాళ్ళు. అలాంటివాళ్ళని ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి మరీ ఆపేది.

ఇదంతా ఇంట్లో నాన్నకి నచ్చలేదు. ఆయన టాక్సీ నడుపుతాడు. స్టాండులో ఆయనకి ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఎయిర్‌పోర్టు బస్సంటే ఒళ్ళుమంట.

"మన ప్యాసింజర్లని ఆ డబ్బాలోకి తోస్తున్నావట. స్టాండులో నా పరువు తీశావు," అన్నాడు ఓ పూట అన్నం దగ్గర.

"నలుగురొస్తే నీ దగ్గరికే పంపుతున్నాగా నాన్నా."

"ఒక్కడొస్తే?"

"ఒక్కడైతే బస్సే."

"ఆ బస్సువాడు నీకేమైనా మందు పెట్టాడా ఏంటి?"

అమ్మాయికి పొలమారింది.

"ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు, నీళ్ళు తాగు," అంది అమ్మ, తల మీద తడుతూ. ఆ ఎవరో ఎవరైతే బావుండునో అమ్మాయికి బాగా తెలుసు.

నెల మొదట్లో నిదానం కిటికీ దగ్గరికొచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"మా రూటు తీసేసే ఆలోచనలో ఉన్నారండీ. ఈ నెలాఖరు దాకా చూస్తారట, ఎంతమంది ఎక్కుతున్నారు, ఎన్ని కంప్లైంట్లు వస్తున్నాయి అని. తీసేస్తే నన్ను కొండ డిపోకి పంపిస్తారు. ఇక్కణ్ణించి రోజంతా ప్రయాణం."

అమ్మాయి టైం టేబుల్ పక్కన పెట్టింది. "మరి నన్నేం చేయమంటారు? అందర్నీ మీ బస్సే ఎక్కించనా?"

"అలా మాత్రం చేయకండి. టైం లేనివాళ్ళని ఎక్కిస్తే నేనే దింపేస్తా. నా రూటు కోసం ఎవరి విమానమో పోవడం దేనికి?"

అన్నాడు, వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అక్కడే పడిపోయింది. ప్రేమలో పడటానికి వానలూ వెన్నెలలూ కావాలంటారు గానీ, ఈ పిల్లకి ఆ ఒక్క మాట చాలింది. అతనంటే ఇష్టమని ఆ క్షణం తెలిసింది. తెలిసి ఏం లాభం? ఆ నెలంతా రోజుకి నాలుగుసార్లు బస్సు వస్తుంది, పోతుంది, ఆమె నోరు మాత్రం పెగలదు. అతనా, వర్షం గురించీ, సిగ్నళ్ళ గురించీ, లిఫ్టు రిపేరు గురించీ మాట్లాడతాడు. అసలు విషయం మాట్లాడడు.

నెలాఖరు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. పట్టాల మీద నీళ్ళు చేరి రైళ్ళు ఆగిపోయాయి. కిటికీ ముందు జనం కిక్కిరిసిపోయారు. నాలుగుంబావుకి ఆ జనం వెనక నిదానం తల కనిపించింది, వానకి తడిసి ముద్దయి. చెయ్యెత్తి గట్టిగా అరిచాడు.

"నాలుగున్నరది నాకు ఆఖరి ట్రిప్పండీ. అదయ్యాక..."

ఆ తర్వాతి మాటల్ని మైకులో అనౌన్స్‌మెంటు మింగేసింది. పెదాలు కదలడమే కనబడింది. గడియారం చూసుకుని, వానలోకి పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అమ్మాయి ఇంకో ఇద్దరికి దారి చెప్పింది. మూడో ఆయన, "ఎయిర్‌పోర్టుకి ఎలా వెళ్ళాలమ్మా?" అన్నాడు.

"వెళ్ళిపోతున్నాడు," అంది ఆమె.

"ఎవరు?"

టికెట్లక్క ఇటు తిరిగింది. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి. "రూటు తీసేశారక్కా. ఇదే ఆఖరి ట్రిప్పట. కొండ డిపోకి వెళ్ళిపోతున్నాడు."

"మరి ఇక్కడ కూర్చుని ఏడుస్తావేంటే? నీ కిటికీ నేను చూసుకుంటా, పో."

పరిగెత్తి వెళ్ళేసరికి ఆరో ప్లాట్‌ఫాం ఖాళీ. నిమిషం ముందు కదలడు, నిమిషం తర్వాతా ఉండడు, అదీ మనిషి. రైలు లేదు. టాక్సీ స్టాండులో మిగిలింది ఒక్కటే బండి. అందులో నాన్న.

అమ్మాయి తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. "ఎయిర్‌పోర్టుకి పోనీ నాన్నా."

"నీకు విమానమేంటే?"

"విమానం కాదు. నాలుగున్నర బస్సు అందుకోవాలి."

బండి స్టార్ట్ చేయబోయిన చెయ్యి ఆగింది. "నా టాక్సీ ఎక్కి బస్సు వెనకాల పొమ్మంటావా? ఎంత మాటన్నావ్?"

"ఆ బస్సు డ్రైవరంటే నాకు ఇష్టం నాన్నా. ఇవాళ వెళ్ళిపోతున్నాడు."

ఆయన వైపర్లు వేసి బండి తీశాడు. రెండు సిగ్నళ్ళు దాటాక అడిగాడు.

"ఆ నలభై దాటించనివాడేనా?"

"నీకు తెలుసా?"

"తెలియకేం? వాడి వెనక పడి ఎన్నిసార్లు హారన్ కొట్టానో లెక్కలేదు. ఒక్కసారీ తిట్టలేదు. చెయ్యి బయట పెట్టి, ముందు మీరెళ్ళండి అంటాడు." కూతురి వంక చూసి, "నిన్ను అడిగాడా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"అడక్కుండానే వెళ్ళిపోతున్నాడు నాన్నా," అంది. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయన గేరు మార్చాడు.

"వంతెన కింద నీళ్ళుంటాయి, గోడౌన్ల వెనకనించి పోనీ," అంది ముక్కు తుడుచుకుంటూ.

"ఆ దారి నీకు చెప్పింది నేనే. నాకే చెప్తావా?"

పెద్ద రోడ్డెక్కాక బస్సు కనబడింది. వానలో కూడా ముప్ఫైకి తగ్గకుండా, నలభైకి పెరగకుండా పోతోంది. నాన్న పక్కకి తెచ్చి హారన్ మోగించాడు. అమ్మాయి అద్దం దించి రెండు చేతులూ ఊపింది. బస్సు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ముందు మీరెళ్ళండి అంది.

"చూశావా వీడి సంగతి," అన్నాడు నాన్న. కానీ నవ్వాడు.

బస్సు ఎయిర్‌పోర్టు చేరేసరికి అమ్మాయి ఆ గుమ్మం ముందే నిలబడి ఉంది. నిదానం ఆమెని చూసి బిత్తరపోయాడు. అయినా ముందు ప్యాసింజర్లని దింపాడు, పెట్టెలందించాడు. ఆమె కూడా ఆఖరి పెట్టె చేతులు మారేదాకా ఆగింది. పని విలువ తెలిసినవాళ్ళు కదా ఇద్దరూ.

తర్వాత గుక్క తిప్పుకోకుండా అనేసింది. "మిమ్మల్ని ఎక్కడికి వేసినా నాకు అభ్యంతరం లేదు. కొండ డిపో అయినా సరే. అక్కడ ఎంక్వైరీ కిటికీ లేకపోతే పెట్టించుకుంటా. కానీ ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోవడం బాగోలేదు. నాకు మీరంటే ఇష్టం. మీరెలాగూ అడగరు కాబట్టి నేనే చెప్తున్నా."

అతను చేతిరుమాలు తీశాడు. ఎవరి ముఖం తుడవాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నన్నెక్కడికి వేశారండీ?"

"మీరేగా అన్నారు, ఆఖరి ట్రిప్పని."

"ఇవాళ్టికి ఆఖరిదండీ. పొద్దుట ఎక్కిన డ్యూటీ కదా, ఇది కొట్టి దిగిపోతా. అదయ్యాక మీతో మాట్లాడాలి, కాసేపు ఉంటారా అన్నాను."

మూడేళ్ళుగా ఆఖరి రైలెప్పుడు, ఆఖరి బస్సెప్పుడు అని ఊరందరికీ చెబుతున్న పిల్ల. ఆఖరి ట్రిప్పంటే ఏంటో ఆమెకి తెలియదా? తెలుసు. భయం వేస్తే తెలిసిందీ తెలియకుండా పోతుంది. భూమి చీలిపోతే బావుండుననుకుంది.

"మరి రూటు?" అంది, పాదాల వంక చూస్తూ.

"ఉంచుతున్నారు. మధ్యాహ్నమే చెప్పారు. ఎక్కినవాళ్ళు మరీ ఎక్కువేం కాదట. కానీ ఈ నెల నా బస్సెక్కి ఒక్కరు కూడా విమానం పోగొట్టుకోలేదట. పుస్తకంలో ఒక్క తిట్టు లేదట. మేనేజరు గారు అడిగారు, ఏం చేశావయ్యా అని. నేనేం చేయలేదండీ, కిటికీలో ఒకావిడ ఉన్నారు అని చెప్పా."

ఆమె తలెత్తింది.

"అది చెప్పి, నాకు మీరంటే ఇష్టమని చెబుదామనుకున్నా. నెల మొదట్నుంచీ అనుకుంటున్నా. రూటు ఉంటుందో పోతుందో తెలియకుండా మిమ్మల్ని అడగడం న్యాయం కాదనిపించింది."

"నెలంతా నన్ను ఏడిపించడం న్యాయమా?"

"కాదండీ," అన్నాడు వెంటనే. ఆ మాట మాత్రం ఆలస్యం చేయలేదు.

టాక్సీకి ఆనుకుని నిలబడ్డ నాన్న దగ్గరికొచ్చాడు. నిదానాన్ని కిందనించి పైదాకా చూశాడు. అంతలో పెట్టెతో ఒకాయన వచ్చి, "టాక్సీ సిటీలోకి వస్తుందాండీ?" అని అడిగాడు.

"వస్తుంది, ఎక్కండి," అన్నాడు నాన్న.

అమ్మాయి తెల్లబోయింది. "మరి నేనో?"

"నువ్వు బస్సులో రా."

"బస్సులోనా?"

"బస్సులోనే. వానకి రెండు గంటలు పట్టినా పట్టొచ్చు. మాట్లాడుకోవాల్సింది మాట్లాడుకోండి." నిదానం వైపు తిరిగి, "ఆదివారం ఇంటికి రావయ్యా. వాళ్ళమ్మకి నేను చెప్పి ఉంచుతా," అన్నాడు. వెళ్ళి బండెక్కాడు. కాస్త దూరం పోయాక ఒకసారి హారన్ కొట్టాడు, తిట్టినట్టు కాకుండా.

తిరుగు ట్రిప్పుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. నిదానం తలుపు దగ్గర పక్కకి జరిగి నిలబడ్డాడు.

"ఎక్కండి."

ఆమె కదల్లేదు. "ఇంకా ఎక్కండేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి ఖాళీ బస్సు వంక చూశాడు, ఒకసారి వాన వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కు," అన్నాడు.

ఆమె ఎక్కింది.