పెళ్లికూతురు బొమ్మ లేచే చోట

అది వరాహనది రెండోసారి ఊళ్లోకి వచ్చిన తర్వాత మూడో ఏడు. అప్పటికి ప్రతి ఇంట్లోనూ ఊపిరిదీపం వెలుగుతోంది. ఏ పాత ఫోటోనైనా దాని కింద పెడితే చాలు, అందులోని మనిషి వెలుగు రూపంలో లేచి ఇంట్లో తిరిగేవాడు, మాట్లాడేవాడు. పొరుగింటి కొండమ్మ అరుగు మీద, పోయి పదేళ్లయిన ఆమె మొగుడు కూర్చుని వానల గురించి చెబుతున్నాడు. అతణ్ణి ఎవరి పెళ్లి ఫోటోలోనో కనబడిన మోచెయ్యి ఒక్కదాని నుంచే దీపం లేపింది. బతికుండగా ఇన్ని మాటలు ఆడలేదని కొండమ్మే నవ్వేది.

సన్నిబాబు అటు చూడలేదు. చంకలో రేకు డబ్బాతో, పాడైనవాటిని బాగుచేసి లేపే దీపశాలకు నడిచాడు.

అతను లక్కబొమ్మలు చేసేవాడు. నలభై ఏళ్ల కిందట అతనూ, భార్య నూకరత్నమూ నాలుగు నిమిషాల బొమ్మల సినిమా ఒకటి తీశారు. దుకాణం మూశాక బొమ్మలకు ప్రాణం వచ్చి పెళ్లి చేసుకునే కథ. ఆమె బొమ్మను గింజంత జరిపి చెయ్యి తీసేది. అతను కెమెరాతో ఒక చట్రం, అంటే ఒక్క ఫ్రేము, పట్టేవాడు. ఆమె మళ్లీ జరిపేది. అలా నాలుగు నెలలు. పెళ్లికూతురు బొమ్మ లేచే చోట, ఆమె చెయ్యి తీయకముందే అతను మీట నొక్కేశాడు. చెయ్యి పడిన ఆ చట్రం కోసేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఉండనీ. బొమ్మకి పేనం పోసింది ఎవులో ఒకపాలైనా అగుపడనీ," అంది.

ఆమె పోయింది. ఫోటోలు వరదలో పోయాయి. బురదలో దొరికింది ఆ సినిమా రీలున్న ఈ డబ్బా ఒకటే. మోచేతి నుంచి కొండమ్మ మొగుడు లేచినప్పుడు, చేతి నుంచి నూకరత్నం లేవదా అని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. ఎవరితోనూ అనలేదు.

దీపశాల నడిపే యామిని రీలు చూసి పెదవి విరిచింది. నీట నాని అతుక్కుపోయింది, ద్రావకంలో వేసి ఒక్కసారే చదవగలం, చదివాక రీలు మిగలదు అని చెప్పింది. అతను తలూపాడు.

"నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా తాతా?" అని నవ్వి, దీపం పైపైన తడిమి ఇచ్చిన జాబితా చదివింది. "బురద మచ్చలు నాలుగు వేలు. చిరుగులు అరవై. బొమ్మలది కాని పరాయిదొకటి. అన్నీ తీసీమంటావా? తీసింది మళ్లీ రాదు."

పరాయిదంటే ఏ గడ్డిపరకో అనుకున్నాడు.

"తీసీ," అన్నాడు.

గదిలోకి బొమ్మలు దిగాయి. డోలువాడు వాయించాడు. ఏనుగు తొండమెత్తింది. పెళ్లికూతురు బొమ్మ మెల్లగా లేచి నిలబడింది. ఎవరూ లేపకుండా, తనంతట తానే లేచింది. సన్నిబాబు మళ్లీ వేయమన్నాడు. మూడోసారి కూడా వేయమన్నాడు. అప్పుడు అన్నాడు.

"చెయ్యేదీ?"

ఆ పరాయిది ఎవరి చెయ్యో తెలిసేసరికి యామిని తొట్టె వైపు తిరిగింది. తొట్టెలో రీలు బూడిదరంగు నీళ్లయిపోయి ఉంది.

"అడిగేను కదా తాతా," అంది. చెయ్యి ఎలా ఉండేదో చెబితే దీపం గీస్తుందని, అందులోంచి మనిషిని లేపి చూడొచ్చని చెప్పింది.

అతను నోరు తెరిచాడు. రెండు గాజులు. గోళ్లలో ఎర్ర లక్క. ఉలి దిగిన మచ్చ. ఏ వేలికి అని దీపం అడిగింది. సన్నిబాబు తన చేతివేళ్లు ఒక్కొక్కటీ ముట్టుకుని చూసుకున్నాడు. ఆ మచ్చకు పసుపు అద్దింది తనే. ఏ వేలికో జ్ఞాపకం రాలేదు. ఖాళీ డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కొండమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. అతను తనంతట తాను వచ్చి పలకరించడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"మా రత్నం చేతికి మచ్చుండేది. ఏ ఏలికో గేపకముందా?"

కొండమ్మ చాలాసేపు ఆలోచించింది. అరుగు మీద మొగుడు వానల గురించి చెబుతూనే ఉన్నాడు.

"నానెరగను బావా," అంది చివరికి. "దీపం వచ్చినకాడి నుంచి నానేటీ గేపకం పెట్టుకోనేదు. ఈ గొంతు మావోడిదో కాదో అదీ తెలవదు నాకు."

సన్నిబాబు మెట్లు దిగి, అవతలి ఇంటి తలుపు తట్టాడు.