అభ్యంతరాలు ఉంటే చెప్పండి

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి మీటింగ్ పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీల్లేదు. మా పాప ఇంకా లాప్‌టాప్ మీద పాలు ఒలకబోసే వయసులోనే ఉంది. అందుకని నేను అద్దెకి తీసుకున్న ఆఫీసు గదికి వచ్చాను. కిటికీ లేని గది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి ఏసీ. సెలవు రోజు, అంతస్తంతా ఖాళీ. ఐదున్నరకల్లా ఇల్లు చేరాలి. నా భార్య నర్సు, ఆరింటికి డ్యూటీ ఎక్కాలి. పాపని నా చేతుల్లో పెట్టాకే బయల్దేరుతుంది.

వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్ళకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ మాది. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చెయ్యి వెయ్యచ్చు. జీతాల్లేవు, అందుకే బాసులూ లేరు. కొత్త వెర్షన్‌లో ఏం ఉండాలో ఒక పేజీలో రాసి పెడతాం. మూడు రోజుల్లో ఎవరూ వద్దనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. ఆ రోజు ఆరో వెర్షన్ విడుదల తేదీ ఖాయం చెయ్యాలి.

కాల్‌లో ఉన్నది ముగ్గురం. నేను, డాక్యుమెంట్లు రాసే అక్క, టెస్టింగ్ చూసే బ్రేకులు. ప్రతిదానికీ ఆగండాగండి అంటాడని ఆయనకి ఆ పేరు పెట్టాం.

నిజానికి నాలుగో మనిషి ఉండాలి. ఇరవై ఏళ్ళ క్రితం దీన్ని మొదలుపెట్టిన పెద్దాయన. పోయిన నెలే చనిపోయాడు. ఆయన రాసిన భాగమంతా పీకేసి కొత్తది పెడదామన్నది నేను. "నన్నడక్కుండా దాని జోలికెళ్ళకురా" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన ఆసుపత్రిలో చేరాడని కొడుకు ఫోన్ చేసిన రోజే నా ప్రతిపాదన పేజీలో పెట్టాను. అక్కకీ బ్రేకులకీ ఆసుపత్రి సంగతి చెప్పలేదు. మూడు రోజులు గడిచాయి. పెద్దాయన ఏమీ అనలేదు. "మాట్లాడలేదంటే సరేననే కదా" అన్నాను. సిగ్గుమాలిన పని. తెలిసే చేశాను.

చర్చించాల్సిన ఆరు అంశాలూ గొడవ లేకుండా తేలిపోయాయి. హమ్మయ్య అనుకుంటూ బ్యాగు సర్దుకుంటున్నాను.

"ఇక ఏడోది," అంది అక్క.

నేను పెట్టింది ఆరే. పేజీ కిందికి జరిపాను. ఏడోది ఉంది. మూడు రోజుల క్రితం పెట్టింది, పెద్దాయన ఖాతా నుంచి. ఆయన పోయాక ఆ ఖాతాని నా చేత్తో నేనే మూసేశాను. గడువు ఐదింటికి. ఇంకా రెండు నిమిషాలుంది.

అక్క తాపీగా చదివింది. "లోపలున్నవాడు బయటికి. బయటున్నవాడు లోపలికి. అభ్యంతరాలు ఉంటే చెప్పండి."

"ఇదేంటక్కా? ఎవరు పెట్టారిది?"

అక్క కాఫీ ఊదుకుంటోంది.

"అక్కా..."

మైకు ఆన్‌లోనే ఉంది. నేను మాట్లాడినప్పుడల్లా పచ్చగీత ఊగుతోంది. 'వద్దు' అని టైపు చేశాను. పంపగానే మాయమైంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ మాయం.

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు బ్రేకులు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. "మనవాడేంటి, ఉలుకూ పలుకూ లేదు?"

"సరేననేగా," అంది అక్క. "ఖాయం చేసేస్తున్నా."

గొంతు చించుకుని అరిచాను. ఇద్దరూ నవ్వుతూ చేతులూపి వెళ్ళిపోయారు.

లేచి తలుపు హ్యాండిల్ తిప్పాను. తిరిగింది. తలుపు మాత్రం రాలేదు. భుజంతో గుద్దాను... కదల్లేదు. ఏసీ ఆగిపోయింది. గదిలో ఏదో వాసన. స్పిరిట్... ఆసుపత్రి వాసన. తర్వాత ఒక చప్పుడు. గాలి లోపలికి... గాలి బయటికి... మిషను ఊపిరి తీస్తున్నట్టు. తలుపు అవతల నుంచి.

తలుపుకి నోరు ఆనించాను.

"పెద్దాయనా..."

ఊపిరి ఆగింది.

"నేనూ వద్దనే అన్నాన్రా," అంది గుసగుస. "నోట్లో గొట్టం ఉంది. ఎవరికీ వినపడలేదు."

"తప్పయిపోయింది. మీ కాళ్ళు పట్టుకుంటా, తలుపు తియ్యండి. పాప... నేను ఇంటికెళ్ళాలి."

"నువ్వెందుకు? నేనెళ్తాగా."

అడుగులు దూరమయ్యాయి. ఎడమ చెప్పు కాస్త ఈడుస్తూ... అచ్చం నేను నడిచినట్టే. కిందికి చూసుకున్నాను. నా కాళ్ళకి చెప్పుల్లేవు.

నా భార్యకి ఫోన్ చేశాను. "హలో... హలో... ఏం వినపడట్లేదు" అని పెట్టేసింది. ఎవరికి చేసినా ఇంతే. రాసిన మెసేజ్‌లు నిలవడం లేదు. నాకు వచ్చేవి మాత్రం వస్తున్నాయి.

ఐదూ ముప్పై ఐదుకి తన దగ్గర్నుంచి ఒకటి వచ్చింది. 'బస్సెక్కా. టైముకి వచ్చావు, బతికించావు. దానికి అన్నం పెట్టి పడుకోబెట్టు. పొద్దున్నే వస్తా.'

రెండు చేతులతో తలుపు బాదాను. చేతులు వాచేదాకా బాదాను. ఫోన్ మళ్ళీ మోగింది.

'అవునూ, నువ్వు లోపలికి రాగానే అది తాత, తాత అంటూ మంచం కింద దూరిందేంటి? మనింట్లో తాతలెవరూ లేరుగా, దానికా మాట ఎవరు నేర్పారు?'