పదో తప్పు

కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, మొదటి గంటలోనే, ఎడ్విన్ ఒక పెద్దాయన చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను నేలపాలు చేశాడు.

నంద్యాలలో కాపురముంటూ ఆళ్లగడ్డ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే పదకొండు మంది టీచర్లు కలిసి నెలకు మాట్లాడుకున్న వ్యాను అది. ఆఖరి స్టాపు నూనెపల్లె. అక్కడ ప్రియదర్శిని అనే టీచరు రోడ్డు దాటి వచ్చి ఎక్కింది. తడిసిన గొడుగు మడిచి, జడ వెనక్కి వేసుకుని కూర్చుంది. ఈమాత్రం సంగతి చూడటానికి డ్రైవరు నెత్తిమీది అద్దం చాలు. ఎడ్విన్ చూశాడు. చూస్తూనే వ్యాను కదిలించాడు.

బానెట్ మీద గొడుగు దెబ్బ దబ్బున పడింది. బ్రేకు తొక్కేసరికి జానెడు దూరంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర గిన్నెలు తలా ఒక దిక్కుకు దొర్లాయి. వాన నీళ్లలో పప్పు కలిసి కాలువ కట్టింది.

"కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావప్పా?" అన్నాడాయన, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఎడ్విన్ నిజం చెప్పలేకపోయాడు. తన కళ్లు ఎవరి మీద ఉండిపోయాయో ఆ మనిషే అప్పటికి వ్యాను దిగి, "నాయనా, తగిలిందా?" అంటూ ఆయన చేయి పట్టుకుంది.

ఆమె తండ్రి సంజీవయ్య ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. కూతురు మర్చిపోయిన క్యారియర్ పట్టుకుని పరుగున వచ్చాడు. ఈ డ్రైవరు వద్దే వద్దని ప్రియదర్శిని పట్టుబట్టింది. ఇంకొకడు ఇప్పటికిప్పుడు దొరకడనీ, తొమ్మిదిలోపు ఫోన్‌కు మొహం చూపించి హాజరు వేసుకోకపోతే సగం రోజు సెలవు పోతుందనీ మిగతా టీచర్లు గోల పెట్టారు.

తీర్పు సంజీవయ్యే చెప్పాడు. నెల రోజులు గడువు. ప్రియదర్శిని ముందు సీట్లో కూర్చుంటుంది. రోడ్డు మీద కాలినడకన కనిపించిన ప్రతి మనిషినీ ఎడ్విన్ పైకి చెప్పాలి. ఎవరు, ఎటు చూస్తున్నారు, ఏం చేయబోతున్నారు, అన్నీ. చెప్పకుండా ఒక్కరిని దాటినా ఒక తప్పు. పది తప్పులైతే తాళాలు సంజీవయ్య చేతిలో పెట్టాలి. నెత్తిమీది అద్దం మాత్రం ఆయనే స్వయంగా పైకప్పు వైపు తిప్పేశాడు.

"మా గురువు నాకిట్లనే నేర్పిచ్చినాడు. నోరు చెప్తాంటే కన్ను నిద్రపోదు," అన్నాడు.

ఎడ్విన్ చచ్చినట్టు ఒప్పుకున్నాడు. వాళ్లమ్మ సువార్తమ్మ అంతకుముందు ఆదివారమే చర్చి గుడిలో నిలబడి, దేవుడు నా కొడుక్కి పని ఇచ్చాడని సాక్ష్యం చెప్పేసింది. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి ఏ సంఘంలోనూ లేదు.

మొదటి రోజు శిరివెళ్ల చేరకముందే నాలుగు తప్పులు పడ్డాయి. బండ్లన్నీ కనిపించాయి గానీ మనుషులు కనిపించలేదు. మొక్కజొన్నలు సగం రోడ్డు మీద ఆరబోస్తే, నడిచేవాళ్లు మిగతా సగంలోకి వస్తారని అతనికి అప్పుడే తెలిసింది. గొడుగు ముందుకు వాల్చినవాళ్లకు బండి కనపడదనీ, ఒక మేక దాటిందంటే వెనకాల మనిషి ఉన్నాడనీ కూడా తెలిసింది.

రెండో వారానికి నోరు అలవాటు పడింది. "ఎడమపక్క ఫోన్ మాట్లాడే అన్న. కాలు రోడ్డు మీద, మనసు ఇంకెవరి దగ్గరో. కుడిపక్క అవ్వ, ఒక తట్టే చూసి దాటుతాది. స్లో చేస్తాండా మేడం."

వెనక సీట్లలో నవ్వులు మొదలయ్యాయి. ప్రియదర్శిని మాత్రం తన నవ్వును తప్పుల నోట్‌బుక్ వెనక దాచుకునేది. ఒకరోజు దాచుకోలేక పైకే నవ్వేసింది. ఆ నవ్వు వింటూ ఎడ్విన్ ఒక గొర్రెల కాపరిని వదిలేశాడు. అది తొమ్మిదో తప్పు. తప్పు సగం తనదేనని తెలిసినా ఆమె పూర్తిగానే రాసింది. ఎంతైనా ఆమె టీచరే మరి.

నెల చివరి రోజు ఆళ్లగడ్డలో జోరున వాన. ముందు ఒక బస్సు ఆగి ఉంది. పక్కనుంచి పోయేంత దారుంది. అయినా ఎడ్విన్ వ్యాను ఆపేశాడు. వెనక నుంచి హారన్లు, లోపల నుంచి హాజరు గోల. రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఎవరికోసం ఆపినావ్?" అంది ప్రియదర్శిని.

"బస్సు కింద చూడండి మేడం. ఆపక్క రెండు కాళ్లు నడుస్తాండాయి."

అంతలో బస్సు ముందు నుంచి నెత్తిన మూటతో ఓబులమ్మ అనే ముసలామె సర్రున రోడ్డు మీదికి వచ్చింది. ఆగిన వ్యానును చూసి, దారికి అడ్డం పెట్టినందుకు ఎడ్విన్‌ను నాలుగు తిట్టి, తాపీగా దాటిపోయింది. వ్యానులో ఎవరూ హాజరు మాట ఎత్తలేదు. ప్రియదర్శిని నోట్‌బుక్ మూసేసింది. మొదటి రోజు బానెట్ ముందు నిలబడిన తండ్రి ఆమెకు గుర్తొచ్చాడు.

సాయంత్రం ప్రియదర్శిని తన స్టాపులో దిగకుండా, అందరినీ దింపి రమ్మంది; ఆఖరికి వ్యాను మళ్లీ నూనెపల్లె వచ్చింది. ఎడ్విన్ నిలిచిన తన ఉద్యోగాన్ని తలుచుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"పదోది ఒకటుంది," అంది ఆమె దిగకుండానే. "ఒక మనిషిని నెలంతా చెప్పలేదు నువ్వు. రోజూ పొద్దున నీ వ్యాను ముందర్నే రోడ్డు దాటి వస్తాది."

ఎడ్విన్ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఖాళీ రోడ్డు వైపే చూస్తూ, రోజూ చెప్పినట్టే చెప్పాడు. "ఎదురుగా ఒక మేడం. నీలం గొడుగు. బురద చూసుకుంటా వస్తాది, ఇట్ల చూడదు. రోడ్డు మధ్యకు వచ్చినాక ఒక్కసారి తల ఎత్తుతాది. ఆ ఒక్కసారి కోసరం నేను ఐదింటికే లేచి తయారైతాండా. చూడక కాదు మేడం. చెప్తే గొంతులోనే తెలిసిపోతాదని చెప్పలే."

ఆమె నీలం గొడుగు చేతిలోకి తీసుకుంది, తలుపు మాత్రం తీయలేదు.

"ఆ మేడం ఇంటికి పోయేదాకా ఆగుతావా, హారన్ కొడతావా?" అంది.

"జీవితమంతా ఆగమన్నా ఆగుతా."

ఇంతలో బానెట్ మీద గొడుగుతో మెల్లగా తట్టాడు సంజీవయ్య. లెక్క ఎంత తేలిందని అడిగాడు. ప్రియదర్శిని తండ్రి కళ్లలోకి చూసి, పది అని చెప్పింది. ఎడ్విన్ తాళాలు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

సంజీవయ్య కూతురి మొహం చూశాడు. ముప్పై ఏళ్లు రోడ్డును చదివిన మనిషికి ఒక మొహం చదవడం ఎంత పని?

"లోపలికి రాప్పా," అన్నాడు తాళాలు జేబులో వేసుకుంటూ. "పప్పు చేసినాం. తిన్నాక ఇస్తాలే. ఆదివారం మేము మీ గుడికి వస్తామని మీ అమ్మకు చెప్పు."

ఆ ఆదివారం సువార్తమ్మ మళ్లీ సాక్ష్యానికి లేచింది. కొడుకు పని నిలబడిందని చెప్పి, కూర్చోబోయి, ఇంకో మాట కూడా ఉందని మళ్లీ లేచింది. ఆడవాళ్ల వైపు ప్రియదర్శిని పాటల పుస్తకంలో మొహం దాచుకుంది. మగవాళ్ల వైపు నుంచి ఎడ్విన్, ఈసారి ఏ అద్దమూ లేకుండానే, తిన్నగా చూశాడు.