పేరుపెట్టి పిలిస్తే

ధర్మవరంలో ముసురు పట్టిందంటే మగ్గాలకు సెలవే. మగ్గం గుంతల్లో చెమ్మ ఊరి, పట్టుపోగులు బరువెక్కి తెగుతాయి. తొంభై ఎనిమిదిలో అలాంటి ముసురొకటి నాలుగు రోజులు వదల్లేదు. భాగ్యలక్ష్మికి మాత్రం అదే చదువుకునే తీరిక.

ఆమెకు సీరియల్ పిచ్చి. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, హిందూపురంలో ఉన్న తమ్ముడు పంపేవాడు. ఈసారి వచ్చిన కట్టలో చచ్చినవాళ్ళు లేచి ఊరి మీద పడే కథ. లేచినవాళ్ళు నేరుగా సొంత ఇళ్ళకే పోతారు, ఎదురైన మనిషినల్లా కరుస్తారు. దానికి విరుగుడు ఒకటే. ఇంట్లోవాళ్ళు పేరుపెట్టి పిలిస్తే, తాము చచ్చిపోయామని గుర్తొచ్చి కూలిపోతారు.

మొగుడు పోయి మూడు నెలలైనా కాని మనిషికి ఈ చదువులేమిటని మీరనవచ్చు. జయరాముడు పెనుకొండ దారిలో లారీ కింద పడి పోయాడు. అప్పటినుంచి ఆమెకు ఏడుపు కథలు సహించడం లేదు. భయపడుతున్నంతసేపైనా ఆయన గుర్తుకు రాడని ఆశ.

అత్త పుల్లమ్మకు చూపు లేదు. కోడలు పైకి చదువుతుంటే పట్టుదారం కండెలకు చుడుతూ వినేది. ఆ మధ్యాహ్నం విరుగుడు సంగతి వినగానే చేతిలో పని ఆపింది.

"పేరుపెట్టి పిలిస్తే ఎవురైనా వస్తారు గానీ, పోతారామ్మీ?" అంది.

భాగ్యలక్ష్మి నవ్వేసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె మొగుడి పేరు ఒక్కసారీ పలకలేదు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు అది అలవాటు లేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే అత్తే చెప్పింది. ఆసుపత్రిలో శవం ఎవరిదని అడిగినప్పుడు కూడా అత్తే చెప్పింది.

నాలుగు కావస్తుండగా కరెంటు పోయింది. కూతురు సాయిశ్రీ బడి నుంచి వచ్చే వేళ. పిల్లకు వేడిగా ఏదైనా చేద్దామని భాగ్యలక్ష్మి వంటింట్లో పొయ్యి రాజేసింది. తడి కట్టెల పొగ, తడి మన్ను వాసన. వీధిలో వాన చప్పుడు తప్ప అలికిడి లేదు.

టక్... టక్...

మగ్గం.

ముసురులో మగ్గం ఎవరు నేస్తారు? జయరాముడు సగం నేసిన చీర దాని మీద అలాగే ఉంది. ఆయన పోయాక ఆ గుంతలో ఎవరూ దిగలేదు.

గోడ పట్టుకుని మగ్గం గది దాకా వచ్చింది. చీకట్లో... గుంతలో... ఒక ఆకారం. భుజాల మీద ఆయన తువ్వాలు. వంచిన తల. చప్పుడు కాస్త ఆగి, మళ్ళీ... టక్.

మధ్యాహ్నం చదివిన విరుగుడు గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో పిల్ల వస్తుంది. పరిగెత్తుకుంటూ నేరుగా ఈ గదిలోకే వస్తుంది. ఈలోపే దీన్ని పంపించెయ్యాలి. పేరుపెట్టి పిలవబోయింది. తొమ్మిదేళ్ళ అలవాటు నాలుకను పట్టేసింది. రెండోసారీ రాలేదు. మూడోసారి...

"జయరాముడూ!"

మగ్గం ఆగింది.

"నేనే మ్మీ," అంది పుల్లమ్మ, గుంతలోంచి. "వాడు కూచున్న తావున రోంతసేపు కూచుందామని దిగినా."

భాగ్యలక్ష్మి అక్కడే కూలబడింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా వచ్చింది. అత్త తడుముకుంటూ చెయ్యి చాపి ఆమె తల నిమిరింది.

అంతలో సాయిశ్రీ వచ్చింది. బట్టలు తడిసి ముద్దయినా పిల్ల తల తడవలేదు. గొడుగు లేకుండా ఎలా వచ్చావని అడిగితే, సంచీ దించుకుంటూ మామూలుగా చెప్పింది.

"వీధి మొగదల నాయన నిల్చుకోనుండాడు మా. నా తలకు చెయ్యి అడ్డం పెట్టి ఈడిదాకా తోడొచ్చినాడు. మీ యమ్మ పిలిచింది, అందుకే వచ్చినా అన్న్యాడు. లోపలికి రమ్మంటే రాల్యా. ఇంగోసారి పిలిస్తేనే వస్తాడంట."

భాగ్యలక్ష్మి పిల్లను దగ్గరికి లాక్కుంది. తలుపు మూసి గడియ పెట్టింది. ఈ జన్మలో ఆ పేరు మళ్ళీ ఎత్తకూడదనుకుంది.

గుంతలో పుల్లమ్మ ముఖం తలుపు వైపు తిరిగి ఉంది. కొడుకు పేరు పలకడానికి తల్లికి అడ్డేముంది?

"వద్దత్తా..." అని గుసగుసగా అంటూ భాగ్యలక్ష్మి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే...

"తడుస్తాండావు జయరాముడా. లోపలికి రా నాయనా."

బయట, గుమ్మం పక్క తొట్టిలో చెంబు ముంచిన చప్పుడైంది. ఎవరో తీరిగ్గా కాళ్ళు కడుక్కుంటున్నారు.