రైలు పెట్టెలో రాత్రి డ్యూటీ

ప్రయాణంలో పదమూడో రోజు పొద్దున కూడా ఆమె లెక్కతోనే నిద్ర లేచింది. రెండు తలలు, మూడు సంచులు, ఒక మందుల డబ్బా. నాలుగేళ్ల పిల్లాడు మంచానికి అడ్డంగా పడుకున్నాడు. ఏడేళ్ల పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఎదురు మేడ మీద బట్టలారేస్తున్న ముసలాయన్ని చూస్తోంది. మూడో తల, అంటే మొగుడిది, దుప్పటి కింద ఉంది. దాన్ని ఆమె లెక్కలో వేసుకోదు. ఆమె పదేళ్లుగా బడి ఆఫీసులో హాజరుపట్టీ చూసే మనిషి. ఎవరొచ్చారో ఎవరు రాలేదో తేలనిదే ఆమెకు కాఫీ గొంతు దిగదు.

ఆయన ఆసుపత్రిలో నర్సు. తొమ్మిదేళ్లుగా పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. ఇంట్లో పిల్లలు పడుకునే వేళకి బయల్దేరి, వాళ్లు బడికి వెళ్లాక తిరిగొచ్చేవాడు. అలాంటి మనిషి నలభై రోజుల సెలవు కూడబెట్టి, వీపున సంచులు వేసుకుని పిల్లలకి దేశాలు చూపిద్దాం అన్నప్పుడు చుట్టాలంతా నవ్వారు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ ఈ పదమూడు రోజుల్లో ఒక్క పూట కూడా పిల్లల్ని ఆయన చేతిలో పెట్టలేదు.

"లేవండి. పదింటికల్లా గది ఖాళీ చెయ్యాలి."

"లేచే ఉన్నా."

"కళ్లు మూసుకుని లేవడం మీ దగ్గరే చూశాను. ఇదిగో, రాత్రి రైలు వద్దు. పగలు బస్సుందట. వీడికి నిన్నట్నుంచి పిల్లికూతలు వస్తున్నాయి."

"నేను చూసుకుంటాగా. నర్సునే కదా."

"ఊళ్లో పిల్లలకి."

ఆయన లేచి కూర్చున్నాడు. మధ్యలోకి పిల్ల దూరింది. ఏ మాటకైనా ఎదురుమాట ఉంటుందని దానికి ఇంట్లో లాయరమ్మ అని పేరు.

"నాన్న రైల్లో పడుకోబెడతానని మాటిచ్చాడమ్మా. మాట తప్పితే నువ్వు నన్ను తిడతావు. మరి నాన్నని?"

తల్లి సంచి జిప్పు సర్రున లాగింది. "సరే. కానీ ఈ రాత్రి ఏ కాస్త తేడా వచ్చినా రేపే ఇంటికి. సెలవు మిగిలినా సరే."

ఆయన దుప్పటి మడత పెట్టాడు. ఇల్లంటే మళ్లీ రాత్రి డ్యూటీ. మళ్లీ నిద్రపోయే పిల్లల్ని తలుపు సందులోంచి చూసుకోవడం. "అలాగే," అన్నాడు.

రాత్రి తొమ్మిదింటికి రైలెక్కారు. నలుగురికి నాలుగు బెర్తులున్న చిన్న గది. లాయరమ్మ పైకెక్కి దీపం మీట నాలుగుసార్లు నొక్కింది. తండ్రి కింది బెర్తు మీద దుప్పటి పరిచి, "రారా బుడ్డోడా, నా పక్కన పడుకుందువు గానీ," అన్నాడు.

బుడ్డోడు తల అడ్డంగా ఊపాడు. "నువ్వు కాదు. అమ్మ."

ఆమె చేతులు చాచింది. ఆయన ఆ చేతులకి అడ్డంగా వచ్చాడు. "ఈ ఒక్క రాత్రి వాణ్ణి నాకు వదిలెయ్."

"వదిలెయ్యడానికి వాడేమన్నా సంచా?"

"వార్డులో పన్నెండు మంది పిల్లల్ని ఒక్కణ్ణే చూస్తాను. కన్నబిడ్డ దగ్గరికొచ్చేసరికి నేను పనికిరానా?"

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టే అయింది. రెండేళ్లుగా ఆమె లోపల దాచిపెట్టుకున్నది ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"ఆ రోజు వీడికి ఊపిరాడక పెదాలు నల్లబడ్డాయి. ఒక చంకలో వాణ్ణి, ఒక చేత్తో దీన్ని పట్టుకుని వాన్లో బండి కోసం నిలబడ్డాను. ఎన్నిసార్లు ఫోన్ చేశాను? పదకొండు. ఎత్తారా? ఎవరి పిల్లల్నో చూస్తున్నారు!"

"ఆ రాత్రి అక్కడ ఇంకో పిల్లాడికి..."

"నాకు చెప్పకండి. ఒక్క మాట కూడా మాట్లాడకండి. చూస్తాగా మీ ప్రతాపం!"

ఆమె తన సంచి భుజాన వేసుకుని, పిల్లని పై బెర్తు నుంచి దింపి, విసురుగా పక్క పెట్టెలోకి వెళ్లిపోయింది. అక్కడ బెర్తులు చాలా ఖాళీగా ఉన్నాయి. అరగంటలో కొడుకు ఏడుస్తూ, మొగుడు మొహం వేలాడేసుకుని వస్తారనుకుంది. వచ్చాక ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. కానీ పదమూడు రోజుల అలసట మాట వినలేదు. కూర్చున్న చోటే కన్ను అంటుకుంది.

మెలకువ వచ్చేసరికి ఒంటిగంట. రైలు అప్పుడే కుదుపుతో కదిలింది. వాళ్లెందుకు రాలేదు? పిల్ల మీద దుప్పటి కప్పి పెట్టె చివరికి నడిచింది. మధ్య తలుపుకి తాళం. అద్దంలోంచి చూసింది. అవతల పెట్టె లేదు. చీకట్లో రెండు పట్టాలు వెనక్కి పోతున్నాయి, అంతే.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి తనంతట తానే సంచిలోకి వెళ్లింది. మందుల డబ్బా అందులోనే ఉంది. కొడుకు పీల్చే మందు అందులోనే ఉంది.

ఆమె కేకలకి ఆ పెట్టె చూసుకునే పెద్దావిడ యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. భాష తెలియదు. రెండు వేళ్లు కలిపి చూపించి, విడదీసింది. జంక్షన్లో రైలు రెండుగా విడిపోయింది, వెనక పెట్టెలు ఒక ఊరికి, ఇవి ఇంకో ఊరికి. గడియారంలో ఐదు చూపించింది. అప్పుడు దిగి వేరే రైలెక్కితే ఆరున్నరకి వాళ్లని కలుసుకోవచ్చు. ఆమె ఫోన్లో ఇక్కడి సిమ్ లేదు, ఇద్దరికీ ఒకటి చాలని తనే అంది. ఆ కొత్త నంబరు నోటికి రాదు. పెద్దావిడే తన ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసి చూపించింది. పిల్లాడు పడుకున్నాడట. ఆమె నమ్మలేదు. అలాంటప్పుడు ఏ తల్లి నమ్ముతుంది?

మొగుణ్ణి తిట్టుకుందామని చూసింది. తిట్టు దొరకలేదు. పెట్టె మారింది తను. మందు పట్టుకొచ్చింది తను. ఊరందరి పిల్లల హాజరూ చూసే మనిషి, కోపంలో కన్నకొడుకు పేరు తనే కొట్టేసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపుకి పిల్ల లేచింది. సంగతి విని, కాసేపు ఆలోచించి, "తమ్ముడు ఒక్కడే లేడు కదమ్మా," అంది.

"మందు లేదే వాడి దగ్గర."

"నాన్న ఉన్నాడుగా."

తెల్లారాక ఆ స్టేషన్లో దిగగానే ఆమె కళ్లు జనంలో వెతికాయి. మూడో బెంచీ మీద ఆయన గోడకి వీపు ఆనించి నిటారుగా కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన గుండె మీద నిలువుగా, తువ్వాలుతో కట్టుకున్న బుడ్డోడు. నిద్రపోతున్నాడు.

ఆమె పరిగెత్తి కొడుకు వీపుకి చెవి ఆనించింది. ఊపిరి ఆడుతోంది. ఎక్కడో సన్నగా ఒక కూత, అంతే.

"ముందు మందు పట్టు," అన్నాడాయన. సగం నిద్రలోనే పిల్లాడికి మందు పట్టారు. ఆమె నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "తర్వాత తిట్టుకుందాం. ముందు అప్పగింత."

వార్డులో పొద్దున డ్యూటీ దిగే నర్సు, గంటగంటకీ రాసిన కాగితం తర్వాతి నర్సుకి చదివి వినిపించాలి. వాళ్లు సంతకం పెట్టేదాకా కదలకూడదు. ఆయన జేబులోంచి టికెట్ల కవరు తీశాడు. వెనకంతా చిన్న అక్షరాలు. నిద్రలేని గొంతుతో చదివాడు.

"పదకొండుంపావు. పెట్టెలు విడిపోతాయని టికెట్లు చూసేవాడు చేతులతో చెప్పాడు. బాబుని ఎత్తుకుని పరిగెత్తాను. మధ్య తలుపు వేసేశారు. కొట్టాను. తియ్యలేదు, కిందికీ దిగనివ్వలేదు.

"పన్నెండు. పిల్లికూతలు. ఊపిరి నిమిషానికి ముప్పై ఆరు. మందు లేదు. నిలువుగా ఎత్తుకుని కూర్చున్నాను. గోరువెచ్చటి నీళ్లు, రెండు గుక్కలు.

"ఒంటిగంట. అమ్మ కావాలన్నాడు. నాక్కూడా కావాలన్నాను. నవ్వాడు.

"రెండు. ముప్పై. నిద్ర.

"మూడు. ఇరవై ఆరు. నిద్ర.

"నాలుగు. ఇరవై ఆరు. నా చొక్కా గుండీ పట్టుకుని వదలడం లేదు."

ఆమెకి ఇక వినబడలేదు. రాత్రంతా ఒక మనిషి కన్ను ముయ్యకుండా ఒక పిల్లాడి ఊపిరి లెక్కపెట్టాడు. తొమ్మిదేళ్లుగా, తను తిట్టుకున్న ప్రతి రాత్రీ, ఏదో ఒక తల్లి బిడ్డకి ఇదే చేశాడు.

"ఆ రోజు ఫోన్ ఎత్తలేదే," అంది ఆమె మెల్లగా. "ఆ పిల్లాడు?"

"బతికాడు. కానీ తప్పే. పక్క వార్డు వాళ్లకి అప్పగించి ఒక్క నిమిషం ఫోన్ ఎత్తాల్సింది. రెండేళ్లుగా ఆ పదకొండూ నా ఫోన్లో అలాగే ఉన్నాయి, చెరపలేదు."

"మరి నేను మందు సంచితో సహా పోయాను. మీరు మాట్లాడబోతే నోరు మూయించాను." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నాదీ తప్పే."

"సంతకం పెట్టు," అన్నాడాయన.

ఆయన పక్కన కూర్చుని పెట్టింది. పిల్లాణ్ణి అందుకోబోయింది. వాడి గుప్పిట్లో గుండీ అలాగే ఉంది. వేళ్లు విడదీయబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. డ్యూటీ దిగాడు కదా, ఆయన తల అప్పటికే ఆమె భుజం మీదికి వాలిపోయింది.

"అమ్మా," అంది లాయరమ్మ గుసగుసగా, "తేడా వచ్చింది కదా. మరి రేపు ఇంటికేనా?"

"నోర్మూసుకుని కూర్చో. ఇంకా ఇరవై ఏడు రోజులుంది."

ఆమె కదలకుండానే ఆయన జేబులోంచి పెన్ను మళ్లీ తీసింది. కవరు మీద మిగిలిన కాస్త చోటులో, తన ఆఫీసు చేతిరాతతో రాసింది.

"ఏడు. మూడు తలలు. అందరూ హాజరు."