రెండో గీత

మాణిక్యానికి కరోనా టెస్టులో మూడుసార్లు నెగెటివ్ వచ్చింది. నాలుగో రోజు చనిపోయాడు.

చేవెళ్లలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే మాణిక్యం రెండేళ్లుగా సర్కారు గూఢచారి సంస్థకు ఇన్ఫార్మర్. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ అంత్యక్రియలకు వెళ్లలేదు. ఒకరు వెళ్లకూడని ఉద్యోగంలో ఉన్నారు, ఇంకొకరు ఆ ఉద్యోగానికి బాస్.

ఆ ఇద్దరూ 2022 జనవరిలో ఒక శనివారం ఉదయం ఎనిమిదింటికి, మొయినాబాద్ శివార్లలోని ఖాళీ రియల్ ఎస్టేట్ వెంచర్‌లో కలుసుకున్నారు. కలుసుకోవడమంటే రెండు కార్లు పక్కపక్కన ఆగాయి, అంతే. అద్దాలు దించలేదు. మూడడుగుల దూరంలో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

“మాణిక్యం వాడిన కిట్‌ను ల్యాబ్‌కు పంపినం,” అన్నాడు చీఫ్ రత్నాకర్. “రోగం ఉంటే రెండో గీత పడాలె. ఆ గీత పడే మందే అందుల పుయ్యలేదు. ఎవరు చేసుకున్నా ఒక్కటే గీత.”

“ఎన్ని కిట్లు?” అడిగాడు దయానందం.

“రెండు లక్షలు. డబ్బా మీద కె-17 అని బ్యాచ్ నంబర్ ఉంటది. మూడు వారాల నుంచి మార్కెట్ల అసలువన్నీ ఈ ముఠావాళ్లే కొని దాచిన్రు. రెండు వందల యాభై రూపాయల కిట్ ఇప్పుడు తొమ్మిది వందలు. అయినా దొరుకుతలేదు. నకిలీవి కొన్ని ఇప్పటికే బయటికొచ్చినయ్, ఇప్పుడు మిగతావన్నీ నాలుగు వందలకు దింపుతరు. చవక అని జనం ఎగబడి కొంటరు. నెగెటివ్ వచ్చిందని పెండ్లికి పోతరు, బడికి పోతరు, దవాఖానకు పోతరు.”

“తలకాయ ఎవరు?”

“క్రూగర్ అంటరు. ఏ దేశపోడో నాలుగు పాస్‌పోర్టులు చూసినా తెలుస్తలేదు. జన్వాడల ఒక ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్నడు. పైకి పూల తోట, లోపల కోల్డ్ రూం. చామంతి క్రేట్ల కింద సరుకు పెట్టి, ఇయ్యాల పదకొండున్నరకు లారీ కదిలిస్తడు.”

“మన టీం?”

“ఎనిమిది మంది. ఆరుగురికి పాజిటివ్. సిటీ నుంచి కొత్త టీం వచ్చేసరికి పన్నెండైతది. ఆ అరగంట నువ్వు ఆపాలె. ఒక్కడివే.”

“లోపల జెన్నీ ఉంది కదా సర్. నమ్మొచ్చా?”

“మనకూ పనిచేస్తది, వాళ్లకూ పనిచేస్తది. ఎవరికి ఎక్కువ చేస్తదో ఆమెకే తెలియాలె.” రత్నాకర్ అద్దం రెండంగుళాలు దించి, ఒక ప్లాస్టిక్ కవరును దయానందం కారు బానెట్ మీదికి విసిరాడు. “మాస్క్ అంచుల మైక్ ఉన్నది. పెట్టుకున్నంతసేపు నేను వింటుంట. తీస్తే లైన్ కట్. అవునూ, నువ్వు టెస్ట్ చేసుకున్నవా?”

“కిట్ దొరకలేదు సర్.”

ఫోన్ కట్ అయింది. తర్వాత పక్క కారు వెళ్లిపోయింది.

దయానందానికి నలభై ఆరేళ్లు. సర్వీసు ఇరవై రెండేళ్లు. ఇప్పటికి తొమ్మిది పేర్లు మార్చాడు. పేరు మార్చినప్పుడల్లా పాత పేరుతో పరిచయమైనవాళ్లంతా దూరమైపోయేవాళ్లు. దేశమంతా మాస్కులు వేసుకున్నప్పుడు, అందరూ తన పనిలోకి వచ్చినట్టు అతనికి మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. వాళ్లు ఇంటికి వెళ్లి మాస్క్ తీస్తారు. చూడటానికి ఎవరో ఒకరు ఉంటారు. టెస్ట్ కోసం జనం షాపుల ముందు బారులు తీరడం చూసినప్పుడు కూడా అతనికి అదే తోచేది. నెగెటివ్ వస్తే వాళ్లకు వెళ్లడానికి ఒక ఇల్లుంది. తనకు నెగెటివ్ వచ్చినా ఒకటే, పాజిటివ్ వచ్చినా ఒకటే.

వేషం మార్చుకోవడానికి అతను మొయినాబాద్‌లో కిరాయికి ఉంటున్న గదికి వచ్చాడు. ఇంటి ఓనరు శకుంతలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరిది. అతను మెడికల్ రిప్రజెంటేటివ్ అనే ఆమెకు తెలుసు. మాస్క్ పైన ఆమె కళ్లు వెలిగిపోతున్నాయి.

“బిడ్డా, చూడు! ఒక్కటే గీత. నాకేం లేదు.” చేతిలోని తెల్ల ప్లాస్టిక్ ముక్కను దూరం నుంచే చూపించింది. “షాపుల తొమ్మిది వందలంటున్రు. నా నెల పింఛన్ల సగం అది. నిన్న బండి మీద ఒకాయన నాలుగు వందలకే ఇచ్చిండు. ఇగ మోకిలకు పోత.”

మోకిలలో ఆమె చెల్లెలు విమలమ్మ ఉంది. రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటోంది. టెస్ట్ చేసుకోనివాళ్లను ఇంటి గడప తొక్కనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. అక్కాచెల్లెళ్లు చూసుకుని ఇరవై రోజులైంది.

శకుంతలమ్మ రెండుసార్లు దగ్గింది. “ఏం లేదు, చలికి,” అంది.

అరుగు మీద ఖాళీ డబ్బా ఉంది. దాని మీద కె-17.

దయానందం నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఇప్పుడు చెబితే ఆమె పక్కింటికి చెబుతుంది, పక్కిల్లు ఊరికి చెబుతుంది, పదకొండు కాకముందే జన్వాడ ఖాళీ అవుతుంది. “ఆటోల ఎందుకు అవ్వా, మధ్యాహ్నం నేను కార్ల దింపుత,” అన్నాడు. “అప్పటిదాక ఆగు. మాటియ్యి.”

“సరె తీ,” అంది శకుంతలమ్మ. కళ్లల్లో వెలుగు కొంచెం తగ్గింది.

పదిన్నరకు జన్వాడ ఫామ్‌హౌస్ గేటు ముందు దయానందం కారు దిగాడు. ఇప్పుడతను సాయిచంద్, షాబాద్‌లో మెడికల్ షాపు ఓనరు. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, వేళ్లకు మూడు ఉంగరాలు, మూతికి చీఫ్ ఇచ్చిన మాస్క్.

గేటు లోపల గొడుగు కింద జెన్నీ కూర్చుని ఉంది. మెరూన్ రంగు సిల్క్ కుర్తా, అదే రంగు మాస్క్, నల్ల గాగుల్స్. ముఖంలో కనిపించేది నుదురు మాత్రమే. అయినా గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సెక్యూరిటీ గార్డు బాలరాజ్ రోడ్డును వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

“తెల్ల చామంతి ఉన్నదా మేడం?” అడిగాడు దయానందం.

“తెల్లది లేదు. పసుపుది పాలిపోతే తెల్లదే అనుకుంటరు,” అంది జెన్నీ. కోడ్ సరిపోయింది. “లోపలికి పోవాలంటే టెస్ట్ చేసుకోవాలె. సార్ రూల్.”

ఆమె తీసిన డబ్బా మీద కె-17 లేదు. ఊరికి నకిలీ కిట్లు తయారు చేసినవాళ్లు తమ గేటు దగ్గర మాత్రం అసలువే వాడుతున్నారు.

ముక్కులో పుల్ల తిప్పి, చుక్కలు వేసి, పదిహేను నిమిషాలు ఆగారు. గీతలు రావడం ఇద్దరూ చూశారు. మొదటిది వచ్చింది. దాని పక్కనే, ఎర్రగా, అనుమానానికి తావు లేకుండా రెండోది కూడా వచ్చింది.

జెన్నీ ముక్కను బోర్లా తిప్పి అరచేతిలో దాచింది. “నెగెటివ్,” అంది గట్టిగా, బాలరాజ్‌కు వినబడేలా.

జెన్నీ తీసుకెళ్లిన కోల్డ్ రూంలో వేల చామంతులున్నాయి. దయానందానికి వాసన తగల్లేదు. మాస్క్ వల్ల కాదని ఇప్పుడతనికి తెలుసు. వారం కింద మాణిక్యాన్ని కలిశాడు, కారులో పక్కపక్కన కూర్చున్నారు. మాణిక్యం నవ్వుతూ, “నాకేం లేదు సార్, రెండుసార్లు చూసుకున్న,” అన్నాడు.

గోడ పొడవునా అసలు కిట్ల పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఊళ్లో దొరకనివన్నీ ఇక్కడున్నాయి.

“నువ్వెవరో క్రూగర్‌కు పొద్దుగాలనే తెలుసు,” అంది జెన్నీ మెల్లగా. “నేనే చెప్పిన.”

“ఎందుకు?”

“రెండు దిక్కుల జీతం తీసుకుంటే రెండు దిక్కుల పని చెయ్యాలె కదా.”

“మరి నెగెటివ్ అని ఎందుకు చెప్పినవ్?”

ఆమె తెల్ల ముక్కను అతని జేబులో వేసింది. “వాడు పోయినేడు మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉన్నడు. సగం ఊపిరితిత్తులతోని బతుకుతున్నడు. పోలీసులకు భయపడడు, తుపాకికి భయపడడు. దీనికొక్కదానికే భయపడతడు. నువ్వు నెగెటివ్ అంటేనే దగ్గరికొస్తడు.” తలుపు వైపు నడుస్తూ ఆగింది. “మాణిక్యం మంచోడు. ఆ మూడు కిట్లు నా చేత్తోనే ఇచ్చిన. అవి దొంగవని అప్పుడు నాకు తెల్వదు.”

ఆమె బయటికి వెళ్లింది. అయిదు నిమిషాల తర్వాత క్రూగర్ వచ్చాడు. పొడుగు మనిషి, తెల్ల జుట్టు. మాస్క్ మీద మాస్క్, చేతులకు గ్లవ్స్, ఒక చేతిలో పిస్తోలు. రెండు గజాల దూరంలో ఆగాడు.

“మిస్టర్ దయానందం,” అన్నాడు ఇంగ్లీషులో. “మీ అసలు పేరు పలికినవాళ్లు ఈ మధ్య ఎవరైనా ఉన్నారా?”

ఆ ప్రశ్న పిస్తోలు కంటే గట్టిగా తగిలింది. దయానందం చెయ్యెత్తి మాస్క్ తీసేశాడు. మైక్ ఆగిపోయింది. ఇప్పుడు రత్నాకర్ కూడా లేడు. జేబులోంచి తెల్ల ముక్క తీసి, గీతలు కనబడేలా ముందుకు చాచాడు.

క్రూగర్ చూపు దాని మీద పడింది. కళ్లు పెద్దవయ్యాయి. ఊపిరి బిగబట్టాడు.

“మీ గేటు దగ్గరి కిట్టే. అసలుది,” అన్నాడు దయానందం ఒక అడుగు ముందుకు వేసి. “కాల్చు. రక్తం ఎటు చిందుతుందో చూసుకుని కాల్చు.”

పిస్తోలు కిందికి దిగింది. క్రూగర్ వెనక్కి నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. హాలు చివర ఉన్న గాజు గది ఆఫీసులో దూరి లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. సానిటైజర్ సీసా మొత్తం చేతుల మీద వంచుకుంటూ, బయటి స్పీకర్లకు కలిపిన మైకులో అరిచాడు. “లారీ పంపండి! ఇప్పుడే!”

పదకొండూ పదిహేను. చెప్పిన టైం కంటే ముందే లారీ స్టార్ట్ అయింది.

దయానందం లారీ దగ్గరికి పరుగెత్తాడు. నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. లారీ డ్రైవర్ జంగయ్య షాబాద్ మనిషి, యాభై దాటినవాడు.

“అన్నా, దిగు! పూల కింద దొంగ కిట్లున్నయ్. రోగం ఉన్నా లేదని చూపిస్తయ్.”

“నాకు పూలని చెప్పిన్రు,” అన్నాడు జంగయ్య. ఒక్క క్షణం స్టీరింగు వంక చూశాడు. “మా అన్నను రెండో వేవ్‌ల మట్టి చేసిన. నేను తోలను.” దిగిపోయాడు.

ఆ వెంటనే బాలరాజ్ అటువైపు తలుపు తెరిచి డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. లారీ కదిలింది. దయానందం ఇటువైపు ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడి, తలుపు లాగి పక్క సీట్లో పడ్డాడు. గేటు వంద గజాల దూరంలో ఉంది. జేబులో ఫోన్ మోగితే తీశాడు. శకుంతలమ్మ.

“బిడ్డా, ఏమనుకోకు. ఆటో దొరికింది, ఎక్కిన. చెల్లె గుమ్మం కాడ ఉన్న. నీకు తిప్పలెందుకని...”

అటునుంచి ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు, సన్నటి గొంతుతో “అక్కా!” అన్న పిలుపు వినిపించాయి.

ఇరవై రెండేళ్లలో దయానందం డ్యూటీలో ఉండగా ఒక్కసారీ గొంతెత్తలేదు. ఇప్పుడు అరిచాడు. “ముట్టుకోకు అవ్వా! ఆ కిట్ దొంగది! అది ఎవరికైనా ఒక్కటే గీత చూపిస్తది. నీకు రోగం ఉన్నది కావచ్చు. విమలమ్మ చచ్చిపోతది, వెనక్కి జరుగు!”

ఫోన్‌లో చెప్పులు గబగబా వెనక్కి జరిగిన చప్పుడు. తర్వాత శకుంతలమ్మ గొంతు, చాలా దూరం నుంచి. “విమలా, తలుపెయ్యి. తలుపెయ్యవే!”

దయానందానికి దగ్గు ముంచుకొచ్చింది. కావాలని తెచ్చుకున్నది కాదు. ముఖం కిటికీ వైపు తిప్పి మోచేతిలోకి దగ్గాడు. ఆగలేదు. బాలరాజ్ అతని వంక చూశాడు. మాస్క్ లేని ముఖం, ఒళ్లో పడిన తెల్ల ముక్క, దాని మీద రెండు గీతలు.

“అవ్వో!” అని బ్రేకు తొక్కి, లారీ ఇంకా ఆగకముందే దూకేశాడు.

లారీ గేటును ముక్కుతో తాకి ఆగింది. దయానందం తాళం చెవి తీసుకుని, అద్దాలు మూసి, రెండు తలుపులూ లాక్ చేశాడు. పన్నెండుకు రెండు నిమిషాల ముందు సంస్థ జీపులు వచ్చాయి. తాళం చెవిని కిటికీ సందులోంచి బయటికి జారవిడిచాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గాజు గదిలోంచి క్రూగర్‌ను బయటికి రప్పించడానికి నలభై నిమిషాలు పట్టింది. పీపీఈ కిట్లు వేసుకున్నవాళ్లే అరెస్టు చేయాలని పట్టుబట్టాడు. జెన్నీ ఎక్కడా కనిపించలేదు.

సాయంత్రానికి కె-17 డబ్బాలు వాడొద్దని చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో ఆటోలకు మైకులు కట్టి తిప్పారు. అసలు కిట్లు సోమవారం నుంచి డబ్బా మీద ఉన్న ధరకే షాపులకు వెళ్లాయి. రత్నాకర్ ఫోన్ చేసి, “ఏడు రోజులు రెస్ట్. రిపోర్ట్ తర్వాత రాయి,” అన్నాడు. “మంచిగ తిను,” అని పెట్టేశాడు.

దయానందం గదిలో తలుపు వేసుకుని పడుకున్నాడు. ఒళ్లు కాలుతోంది. గోడ అవతల శకుంతలమ్మ దగ్గు వినిపిస్తోంది. హెల్త్ సెంటర్ నర్సు వచ్చి ఆమెకు మళ్లీ టెస్ట్ చేసి వెళ్లింది. రెండు రోజులు ఆ రెండు దగ్గులే ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

“దూరం ఉండు అవ్వా,” అన్నాడు లోపలి నుంచి.

“ఎందుకు దూరం? నీకు రెండు గీతలే, నాకు రెండు గీతలే. ఇగ ఎవరికి ఎవరు అంటిస్తరు?” తలుపు నెట్టుకుని వచ్చింది. చేతుల్లో రెండు కంచాలు. వేడి అన్నం, పెసరపప్పు చారు. మాస్క్ లేదు. ఆ ఇంట్లో ఏడాదిగా ఉంటున్నా ఆమె ముఖం మొత్తంగా చూడటం అతనికి ఇదే మొదలు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది.

కింద కూర్చుని తిన్నారు. విమలమ్మ బాగానే ఉందట. రోజూ వీడియో కాల్‌లో ముఖం చూపిస్తోందట. నాలుగు ముద్దలు తిన్నాక శకుంతలమ్మ ఆగింది.

“ఆ కిట్ దొంగదని నీకెట్ల తెలిసింది? నిజం చెప్పు. నువ్వసలు ఏం పని చేస్తవ్?”

దయానందం చేతిలోని ముద్దను కంచంలోనే పెట్టేశాడు. అబద్ధాలు తొమ్మిది సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

“నేను గూఢచారిని అవ్వా. సర్కారు పంపితే వేషాలు మార్చుకుని దొంగలను పట్టుకుంట. నా పేరు దయానందం.”

శకుంతలమ్మ కంచం పక్కకు జరిపింది. తర్వాత చెయ్యి చాచి, అరచేతి వెనక భాగాన్ని అతని నుదుటి మీద పెట్టి చూసింది.

“ఒళ్లు ఇంకా మస్తు కాలుతున్నది బిడ్డా,” అంది జాలిగా. “గోళీ ఏస్కొని పండుకో, తగ్గిపోతది.”